పేగు పంపే కబురు



మా ఉప్పలగుప్తం వైపు ఏ నలుగురు ఆడవాళ్ళు కలిసినా, కొబ్బరికాయ ధర గురించీ పిల్లల పెళ్ళిళ్ళ గురించీ అయ్యాక మాట షుగరు మీదికి వచ్చి తీరుతుంది. "మా ఆయన తీపి ముట్టి మూడేళ్ళయిందండీ. కాఫీలో కూడా పంచదార వెయ్యను. అయినా షుగరు దిగదేమండీ?" అని ఒకావిడ అంటుంది. "మా అత్తగారు రోజూ పొద్దున్నే కాకరకాయ రసం తాగుతారండీ, ఆయ్. అయినా అంతేనండీ" అని ఇంకొకావిడ అందుకుంటుంది. చివరికి తప్పంతా పంచదార డబ్బా మీదకి తోసేస్తారు. కాస్త చదువుకున్న పిల్ల ఉంటే క్లోమగ్రంథి పేరు చెబుతుంది, ఇన్సులిన్ ఊరేది అక్కడే గనక. నోటికీ క్లోమానికీ మధ్య ఒక పొట్టా, దాని తరువాత దాదాపు ఇరవై అడుగుల చిన్నపేగూ ఉన్నాయని, వాటికీ ఇందులో పెద్ద పెత్తనమే ఉందని ఎవరికీ తోచదు. ఈ పూట ఆ పేగు సంగతి చెప్పుకుందాం.

తిన్నది 'ఒంటబట్టడం' అని మన పెద్దవాళ్ళు ఒక మాట వాడతారు. ఎంత చక్కని మాటో చూడండి! తినడం వేరు, ఒంటబట్టడం వేరు. ఈ ఒంటబట్టే వ్యవహారాన్నే చదువుకున్నవాళ్ళు జీవక్రియ అంటారు. పేగును మనం అన్నం జారిపోయే గొట్టం అనుకుంటాం గాని, ఒంటబట్టించే పనిలో అది చాలా తెలివైన అవయవం. లోపలికి ఏం వచ్చిందో, ఎంత వచ్చిందో రుచి చూసినట్టు చూసి, క్లోమానికీ కాలేయానికీ మెదడుకీ కబుర్లు పంపుతుంది. ఆ కబుర్లే పేగు హార్మోనులు.

హార్మోను అనే మాట పుట్టిందే పేగు దగ్గర. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్క చిన్నపేగులో కొంత ముక్కకు నరాల సంబంధం పూర్తిగా తెంపేసి, అందులో కొంచెం ఆమ్లం పోశారు. నరం లేదు గదా, క్లోమానికి కబురు అందకూడదు. కాని అందింది! క్లోమరసం ఊరింది. అప్పుడు పేగు లోపలి పొరను గీకి, రసం తీసి, నెత్తురులోకి ఎక్కించి చూశారు. మళ్ళీ ఊరింది. అంటే కబురు నరం మీద రాలేదు, నెత్తురులో కలిసి వచ్చిందన్నమాట. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలాంటి వాటికన్నిటికీ కలిపి హార్మోను అనే మాటను స్టార్లింగ్ 1905లో వాడాడు. ఇన్సులిన్ బయటపడింది 1921లో. చూశారూ, ఆ వరసలో పేగే పెద్దది.

ఇక షుగరు దగ్గరికి వద్దాం. నీరసంగా ఉంటే చాలు, మన పల్లెల్లో "ఓ గ్లూకోజు బాటిలు ఎక్కించండి డాక్టరుగారూ" అని అడగటం అలవాటైపోయింది. అరలీటరు బాటిల్లో మామూలుగా ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అయిదారు చెంచాల పంచదార పాటి. దానికి అంత ముచ్చట ఎందుకో నాకు అర్థం కాదు. నీళ్ళు ఒంట్లో నిలవని రోగికి అది ప్రాణం పోస్తుంది, కాదనను. ఊరికే నీరసమంటే మాత్రం ఇంటికెళ్ళి కాస్త పప్పన్నం తినడం మేలు. సరే, అది పక్కన పెట్టండి. గ్లూకోజును నరంలోకి ఎక్కించడానికీ, నోటితో తాగడానికీ తేడా ఏమిటని 1964లో కొందరు పరిశోధకులు కొలిచి చూశారు. నరంలోకి ఎక్కిస్తే ఇన్సులిన్ కొద్దిగా ఊరింది. అదే గ్లూకోజు పేగులోంచి వెడితే చాలా ఎక్కువ ఊరింది. తరువాత తరువాత లెక్క తేల్చారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి గ్లూకోజు తాగినప్పుడు ఊరే ఇన్సులిన్‌లో సగమో, అంతకు మించో పేగు కబురు వల్లనే ఊరుతుందట!

కడుపుతో ఉన్న పిల్లలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్ళల్లో కలిపి తాగించి, రెండు గంటలాగి నెత్తురు చూస్తారు. 140 దాటితే జాగ్రత్త పడమంటారు. ఆ తియ్యటి నీళ్ళు తాగలేక పిల్లలు విసుక్కుంటారు. "సూదితో ఇవ్వకూడదా" అంటారు. ఇవ్వకూడదు. క్లోమంతోపాటు పేగు పనితనం కూడా ఆ పరీక్షలోకి రావాలంటే తాగవలసిందే.

ఈ కబుర్లు మోసేవి ముఖ్యంగా రెండు. ఒకటి జీఐపీ. ఇది చిన్నపేగు మొదట్లో ఊరుతుంది. రెండోది జీఎల్‌పీ-1. దీన్ని పుట్టించే కణాలు పేగు కింది భాగంలో, పెద్దపేగులో ఎక్కువ. పేర్లు నోరు తిరగకపోతే మరచిపోండి, పని గుర్తుంచుకోండి.

మన డెల్టాలో వ్యవసాయం తెలిసిన ఇంటి ఆడవాళ్ళకి ఆ పని చెప్పడం తేలిక. కాలువ మీద లస్కరు ఉంటాడు గదా. పైనుంచి నీళ్ళొస్తున్నాయంటే ముందుగా కిందికి కబురు చేస్తాడు, ఏ తూము ఎంత ఎత్తాలో చూస్తాడు, అవసరం లేనిది దించేస్తాడు. అలా చెయ్యకుండా ఒక్కసారిగా వదిలేస్తే మొదటి పొలాలు మునిగిపోతాయి, శివారు పొలాలకు చుక్క అందదు. మా ఉప్పలగుప్తం మండలం సముద్రం పక్కన శివారు భూమి. లస్కరు విలువ మాకు ఒకరు చెప్పక్కరలేదు. జీఎల్‌పీ-1 సరిగ్గా ఆ లస్కరే. నెత్తురులో చక్కెర పెరుగుతోందని క్లోమానికి కబురు పెట్టి ఇన్సులిన్ ఊరేట్టు చేస్తుంది. చక్కెర తక్కువగా ఉంటే మాత్రం తొందరపెట్టదు, అదీ దాని తెలివి. కాలేయం తన దగ్గర దాచిన చక్కెరను నెత్తురులోకి వదలకుండా ఆపిస్తుంది. పొట్టకూ పేగుకూ మధ్య ఉన్న తూమును కాస్త దించి, అన్నం మెల్లిగా దిగేట్టు చూస్తుంది. ఇక చాలు, కడుపు నిండిందని మెదడుకు చెబుతుంది. గబగబా పది నిమిషాల్లో తినేసి లేచేవాళ్ళకి ఈ చివరి కబురు అందేసరికి కంచం ఖాళీ అయిపోయి ఉంటుంది.

ఇన్సులిన్ వచ్చి తలుపు తీశాక చక్కెర కండలోకి వెడుతుంది. అక్కడ అది ఏటీపీ అనే శక్తిగా మారితేనే మనం బిందె ఎత్తగలం, పిండి రుబ్బగలం. 1929లో ఆ ఏటీపీని హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వెలికి తీసినవాడు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వశిష్ఠ దాటి అవతలికి వెడితే వచ్చే భీమవరంలో 1895లో పుట్టారు. ఇంతటి మనిషి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో మీ ఇంట్లోనే అడిగి చూడండి.

షుగరు వచ్చినవాళ్ళలో పేగు కబురు పంపినా క్లోమం మునుపటిలా పలకదు. జీఐపీ మాట అయితే దాదాపు చెవిన పెట్టదు. అన్నం తిన్న గంటకి చక్కెర కొండెక్కడానికి ఇదొక కారణం. పైగా అన్నమంటే చివరికి గ్లూకోజే. తియ్యగా లేకపోయినా అరిగాక మిగిలేది అదే. మొదట చెప్పిన ఆవిడ ఇంట్లో కాఫీలో పంచదార మానేశారు సరే, కంచంలో అన్నం ఎంతో ఎవరూ కొలవలేదు.

ఇది పట్నాల జబ్బు అనుకునే కాలం ఎప్పుడో దాటిపోయింది. మన గోదావరి జిల్లాల్లోనే 20 పల్లెల్లో ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళకి నెత్తురు పరీక్షలు చేసి, ఆ ఫలితాలు 2006లో ప్రకటించారు. నూటికి 13 మందికి షుగరుంది. అందులో సగం మందికి ఉన్నట్టే తెలియదు. ఇది ఇరవై ఏళ్ళ నాటి మాట. 2023లో వచ్చిన దేశవ్యాప్తపు లెక్కలో షుగరున్నవాళ్ళు పది కోట్ల పైచిలుకని తేలింది.

ఇక మందుల సంగతి. జీఎల్‌పీ-1 ఒంట్లో పుట్టాక రెండు నిమిషాల్లో సగం మాయమైపోతుంది. దాన్ని ముక్కలు చేసే ఎంజైము ఒకటి నెత్తురులో కాచుకుని ఉంటుంది. ఆ ఎంజైము చేతులు కట్టేసే బిళ్ళలే సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ వగైరాలు. మీ ఇంట్లో షుగరు మందుల అట్ట తీసి చూడండి, పేరు చివర 'గ్లిప్టిన్' అని ఉంటే అది పేగు కబురును నిలబెట్టే మందు. మనకు తెలియకుండానే ఇది ఎన్నో ఇళ్ళ బీరువాల్లోకి వచ్చేసింది.

రెండో దారి చిత్రమైనది. అమెరికా ఎడారుల్లో గీలా అనే విషపు బల్లి ఒకటుంది, మన ఉడుముకి దూరపు చుట్టం లాంటిది. ఏడాదికి కొద్దిసార్లే తింటుంది, తిన్నప్పుడు కడుపు పట్టినంత తింటుంది. దాని లాలాజలంలో జీఎల్‌పీ-1ని పోలిన పదార్థం ఉందనీ, అది ఒంట్లో అంత త్వరగా నశించదనీ 1992లో జాన్ ఎంగ్ అనే వైద్యుడు కనిపెట్టాడు. దాన్నుంచి 2005లో మొదటి ఇంజక్షను వచ్చింది. తరువాత వారానికొకసారి తీసుకునే సెమాగ్లుటైడ్ వచ్చింది. రెండు హార్మోనుల పనీ ఒకటే చేసే టిర్జెపటైడ్ వచ్చింది. మౌంజారో అనే పేరుతో ఇది 2025 మార్చిలో మన దేశపు అంగళ్ళలోకి దిగింది.

ఆడవాళ్ళ కార్యక్రమం గనక ఒక ముక్క చెప్పకుండా ముందుకు పోలేను. జీఎల్‌పీ-1లో ఏ ముక్క పని చేస్తుందో తేల్చినవాళ్ళలో ముఖ్యురాలు స్వెత్లానా మొయ్సొవ్ అనే రసాయన శాస్త్రవేత్త. 1980ల్లో బోస్టన్‌లో పని చేసింది. పేటెంట్లలో మొదట ఆవిడ పేరు లేదు. ఏళ్ళ తరబడి పోట్లాడి చేర్పించుకుంది. 2024లో లాస్కర్ బహుమతి ముగ్గురికిస్తే అందులో ఆవిడొకరు. వంట చేసినావిడ పేరు చెప్పకుండా విందు బాగుందనడం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది.

ఈ ఇంజక్షన్లు షుగరుకూ, బాగా ఒళ్ళు పెరిగినవాళ్ళకూ నిజంగా పని చేస్తాయి. కాదనేవాళ్ళ మాట నమ్మకండి. కాని పెళ్ళిచూపులకు ముందు పిల్ల నాజూకవ్వాలని, అమెరికా నుంచి అన్నయ్య పంపాడని, డాక్టరును అడక్కుండా పొడిపించుకోవడం మొదలయిందే, అది వినగానే నాకు గుండె గుభేలుమంటుంది. వాంతులు, వికారం చాలామందికి వస్తాయి. పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు, అరుదుగా క్లోమం వాస్తుంది. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. మానేస్తే తగ్గిన బరువు చాలా భాగం తిరిగి వస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళు, బిడ్డను కనాలనుకుంటున్నవాళ్ళు ముట్టుకోకూడదు. పెళ్ళి కావలసిన పిల్లకి ఆ మాట ఎవరు చెబుతున్నారు?

బల్లినీ బోస్టన్‌నీ వదిలి మన వంటింటికి వద్దాం. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది.

పేగు కబురు పంపాలంటే దానికి ఏదో ఒకటి తగలాలి. మాంసకృత్తులు తగిలితే పంపుతుంది, కొవ్వు తగిలితే పంపుతుంది. ఆకుకూరల, కూరగాయల పీచు పెద్దపేగుకు చేరితే, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి, మళ్ళీ జీఎల్‌పీ-1 ఊరడానికి సాయపడతాయి. ఒట్టి తెల్లన్నం కూడా కబురు పంపిస్తుంది గాని, ఆ కబురూ చక్కెరా ఒకేసారి గుమ్మంలోకి వస్తాయి. మగపెళ్ళివారు వీధిలోకి వచ్చాక విడిది వెతికినట్టన్నమాట.

2016లో జపాన్ పరిశోధకులు దీన్నే పరీక్షించారు. వాళ్ళూ మనలాగే అన్నం, చేప తినేవాళ్ళు. షుగరున్నవాళ్ళకి ఒకరోజు అన్నం ముందు పెట్టి, పావుగంటాగి చేప ఇచ్చారు. ఇంకొక రోజు చేప ముందు, పావుగంట తరువాత అన్నం. తిన్నది అదే, వరస మారిందంతే. చేప ముందు తిన్న రోజున జీఎల్‌పీ-1 ఎక్కువగా ఊరింది, పొట్టలోంచి అన్నం మెల్లిగా దిగింది, చక్కెర పెరగడం తగ్గింది. అంతకు ముందు ఏడాది, 2015లో, న్యూయార్కులో పదకొండు మంది మీద రొట్టెతో ఇలాగే చేస్తే, కూరలూ మాంసమూ ముందు తిన్న రోజున గంట తరువాతి చక్కెర మూడో వంతుకు మించి తగ్గింది. చిన్న పరీక్షలే, జబ్బు నయమైపోతుందని ఎవరూ అనలేదు. కాని ఖర్చు లేని పని గదా!

ఇప్పుడు మన కంచం చూడండి. ముందు అన్నం, అన్నంలో పప్పు, అన్నంలో కూర, అన్నంలో పులుసు, చివర అన్నంలో పెరుగు. కూర విడిగా తినడం మనకి అలవాటు లేదు. తింటే "కూర ఉత్తినే తినేస్తోంది, దుబారా మనిషి" అంటారు. పెళ్ళి విస్తట్లోనైతే మొట్టమొదట తీపే పడుతుంది.

అందులో మళ్ళీ మన ఆడవాళ్ళ కంచం వేరు. మామగారు, అత్తగారు, భర్త, పిల్లలు అందరూ తిని లేచాక గిన్నెలు ముందేసుకుని కూర్చుంటాం. చేప ముక్కలు అయిపోయి ఉంటాయి, అడుగున ఇంత పులుసు. పప్పు గరిటెడు. అన్నం మాత్రం గిన్నెడు మిగిలి ఉంటుంది. పారెయ్యడానికి చెయ్యాడదు. ఆవకాయ బద్ద ఒకటి వేసుకుని, కాస్త మజ్జిగ పోసుకుని, ఉన్నదంతా ఊడ్చి తినేస్తాం. త్యాగమని మనం అనుకుంటాం. పేగు మాత్రం అన్నమే వచ్చిందని చూస్తుంది, కబురు పంపడానికి ఇంకేమీ తగలదు. ఇంట్లో అందరికంటే తక్కువ తిన్నట్టు కనిపించే ఇల్లాలికి షుగరు వచ్చిందంటే ఊరు ఆశ్చర్యపోతుంది. నేను ఆశ్చర్యపోను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజంతటి శక్తిలో ధాన్యం వాటా నూటికి 45 మించకూడదన్నారు. మనవాళ్ళకు 50 నుంచి 70 దాకా అందులోంచే వస్తోందట. పప్పు, చేప, మాంసం అన్నీ కలిపి 14 ఉండాలంటే 6 నుంచి 9 మధ్య ఉంటోంది. ఇవి ఇంటిల్లిపాదికీ కలిపి వేసిన లెక్కలు. చివర తినేదాని కంచం ఒక్కటీ తీసి కొలిస్తే ఎంత వస్తుందో మీరే ఊహించండి.

కాబట్టి అక్కలారా, వడ్డించడం మొదలు పెట్టక ముందే మీ వంతు కూర, పప్పు, చేప ముక్క ఒక గిన్నెలో తీసి మూత పెట్టుకోండి. మొదట్లో అత్తగారు ఓ మాట అంటారు. అననివ్వండి. కోడలు మంచాన పడితే వండేదెవరో ఆవిడకీ తెలుసు. లేదా అందరూ కలిసి కూర్చోండి, ఇంకా మంచిది. కూర్చున్నాక ముందు కూర కొంత, పప్పు కొంత విడిగా తిని, తరువాత అన్నం కలుపుకోండి. చేపలు తినని ఇళ్ళల్లో పెసలో, శనగలో నానేసి ఉడికించి గుప్పెడు ముందు తినొచ్చు. గట్టి పెరుగు ఓ కప్పు ముందే తినొచ్చు. తోటకూర, గోంగూర, పెరట్లో బీరపాదు ఉండనే ఉన్నాయి. పనసపొట్టు కూర రోజూ దొరకదు గాని, దొరికిన రోజున మన కోనసీమ వాళ్ళం పెట్టి పుట్టినట్టే. కొబ్బరి పచ్చడి మంచిదే, కాని ప్రతి కూరలోనూ చిప్పకు చిప్ప కోరి పొయ్యకండి, దాని కొవ్వు గుండెకు బరువు.

బియ్యంలోనూ తేడా ఉంది. మన నేలలో ఎక్కువగా పండే స్వర్ణ 1982లో పక్కనున్న మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చింది. అన్నదాతకు మేలు చేసిన వంగడమే, దాన్ని తిట్టను. అయితే హైదరాబాదులో సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారు చేసిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి గ్లైసీమిక్ సూచిక సుమారు 51 అని తేలింది. మామూలు తెల్లబియ్యం చాలావాటికి అంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది. అంటే దీని చక్కెర నెత్తురులోకి మెల్లిగా దిగుతుంది. అలాగని రెండు గిన్నెలు తింటే లాభం లేదు.

ఒక్క హెచ్చరిక. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళలో, ఇన్సులినో వాడుతున్నవాళ్ళు అన్నం ఒక్కసారిగా తగ్గించేస్తే చక్కెర మరీ పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణికి కళ్ళు తిరుగుతాయి. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకి పప్పులూ మాంసమూ కొలతగానే ఉండాలి. వీళ్ళు డాక్టరుతో మాట్లాడాకే మార్చాలి.

ఇంట్లో వేలు గుచ్చి చూసుకునే మిషను ఉన్నవాళ్ళు దీన్ని నా మాట మీద నమ్మక్కరలేదు. ఒకరోజు అన్నం ముందు, ఇంకోరోజు కూర ముందు తిని మీరే చూసుకోండి. తిన్న రెండు గంటలకి అంటే చెయ్యి కడుక్కున్న దగ్గర్నుంచి కాదు, మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గర్నుంచి లెక్క. రెండు రోజులూ కూర అదే ఉండాలి, అన్నం కొలిచే గిన్నె కూడా అదే ఉండాలి.